గంటర్స్‌విల్ గట్టున సొరకాయ కోతలు

అలబామా రాష్ట్రపు ఉత్తర భాగంలో, గంటర్స్‌విల్ జలాశయం ఒడ్డున, చేపల ఎరలు అమ్మే ఒక చిన్న కొట్టు ముందు పొడవాటి చెక్క బల్ల ఒకటి ఉండేది. శనివారాల్లో తెల్లవారుజామున ఐదున్నరకల్లా నలుగురైదుగురు పెద్దమనుషులు ఆ బల్ల మీద చేరి, కాగితపు గ్లాసుల్లో చక్కెర లేని కాఫీ తాగుతూ, గత వారం తాము పట్టిన చేపల గురించి, చేతికందినట్టే అంది జారిపోయిన చేపల గురించి, ఆ నీళ్లలో ఎన్నడూ పుట్టని చేపల గురించి కూడా ఎంతో గంభీరంగా చెప్పుకునేవారు. 2004 నుంచి 2012 వరకు నేను హంట్స్‌విల్‌లో ఉద్యోగం చేశాను. ఆ ఎనిమిదేళ్లలో ఎన్నో శనివారాలు ఆ బల్ల చివర కూర్చున్నాను. ఇప్పుడు హైదరాబాదులో ఏ హోటల్లోనో కాఫీ వాసన తగిలితే, దానితోపాటు చిన్న చేపలను ఉంచిన సిమెంటు తొట్టెల్లో గాలిబుడగల చప్పుడు, తీగల పంజరాల్లో ఎరకోసం పెట్టిన కీచురాళ్ల రొద, వాకిలి పక్కన మేకుకు వేలాడే తూకపు కాటా, ఒక్కొక్కటే గుర్తుకొస్తాయి.

హంట్స్‌విల్ రాకెట్ల ఊరు. మనిషిని చంద్రుడి మీదికి పంపిన సాటర్న్-5 రూపకల్పన జరిగింది అక్కడే. మా తెలుగువాళ్లు చాలామంది శని, ఆదివారాల్లో గుడికో, క్రికెట్ ఆటకో, ఎవరింట్లోనో భోజనాలకో వెళ్లేవారు. నేను పశ్చిమ గోదావరిలో కాలువ గట్టున పెరిగినవాణ్ణి. వెదురు కర్రకు దారం కట్టి, జీలుగు బెండు తగిలించి, గాలానికి వానపామును గుచ్చి, జెల్లలూ పరిగెలూ మట్టగిడసలూ పట్టిన చేతులు నావి. ఎక్కడ నీళ్లు కనబడినా ఆ చేతులు ఊరుకోవు. అందుకే ఆ దేశం వెళ్లిన మూడో నెలలోనే చేపల లైసెన్సు తీసుకున్నాను. మీట నొక్కి విసిరితే చాలు, దారం దానంతటదే సాగే జెబ్కో 33 రీలు ఒకటి కొనుక్కుని, గంట లోపు ప్రయాణమైన గంటర్స్‌విల్ దారి పట్టాను. ఆ కొట్టులో వానపాములు అడిగినప్పుడు, ఏ చేపకోసమని యజమానురాలు అడిగింది. ఏది పడితే అదేనమ్మా అన్నాను. బయట బల్ల మీద కూర్చున్న ఒకాయన వెనక్కి తిరిగి, ఈ అబ్బాయికి చోటివ్వండి అన్నాడు. అప్పటికి ఆ సరస్సుకు వచ్చే కొత్తవాళ్లందరూ లార్జ్‌మౌత్ బాస్ అనే పెద్దనోటి చేపకోసం ఖరీదైన పడవలతో, పెట్టెల నిండా రంగురంగుల కృత్రిమ ఎరలతో వచ్చేవారు. వానపామును అడిగిన మనిషి తమలో ఒకడని వాళ్లకు తోచి ఉంటుంది.

చోటిచ్చినాయన రిటైరైన పోస్టుమ్యాన్. ముప్ఫై ఏళ్లకు పైగా పల్లెదారుల్లో ఉత్తరాలు పంచిన మనిషి. ఆయన పక్కన ట్రాక్టర్ల మెకానిక్కు, ఆ పక్కన బాప్టిస్టు చర్చి పాస్టరు, అప్పుడప్పుడు స్కూల్లో ఫుట్‌బాల్ నేర్పే కోచ్ ఒకాయన. బేరాలు లేనప్పుడు యజమానురాలు గుమ్మానికి ఆనుకుని నిలబడి మాటల్లో చేరేది. కోతలు కోయడంలో అందరికంటే ఆమెదే పైచేయి. వయసులో పెద్దవారిని పేరుకు ముందు మిస్టర్ చేర్చి పిలవడం, ప్రతి జవాబు చివరా సర్ అనో మేడమ్ అనో అనడం అక్కడి మర్యాద. 'గారు', 'అండీ' లేకుండా మాట పెగలని నాకు అది వెంటనే పట్టుబడింది. పోస్టుమ్యాన్ గారు నన్ను చివరిదాకా అబ్బాయీ అనే పిలిచారు.

ఆ సరస్సు గురించి కొంత చెప్పాలి. 1933లో ఏర్పడిన టెనెసీ వ్యాలీ అథారిటీ, అందరూ టీవీఏ అనే సంస్థ, టెనెసీ నది మీద కట్టిన ఆనకట్టల్లో గంటర్స్‌విల్ ఒకటి. అది 1939లో పూర్తయింది. దాదాపు 69 వేల ఎకరాల నీరు, అలబామాలో అదే అతి పెద్ద సరస్సు. ఆ నీటి కింద ఒకప్పటి పొలాలు, బండిబాటలు, ఇళ్ల పునాదులు ఉన్నాయి. మా తాత మొక్కజొన్న చేను మీద పడవ నడుపుతున్నాను అని మెకానిక్కు అన్నప్పుడు, అదీ కోతేనేమో అనుకుని నవ్వబోయాను. పోస్టుమ్యాన్ గారు నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపారు. అది నిజం. శ్రీశైలం ముంపులో ఊరు పోయిన ఒక మిత్రుడి నోట అటువంటి మాటే అంతకుముందు విన్నాను. అతని గొంతులోనూ అదే నెమ్మది ఉండేది.

ఇక కోతల సంగతి. మెకానిక్కు చెప్పిన ఒక కథ, ఆయన చెప్పిన వరసలోనే రాస్తాను.

"1989, ఆగస్టు 11, శుక్రవారం. దక్షిణపు గాలి, మబ్బు లేదు. నా నీలం రంగు ఫోర్డ్ ట్రక్కుకు అప్పుడే కొత్త బ్యాటరీ వేయించాను. ఆనకట్ట కింద క్యాట్‌ఫిష్‌కు మామూలు గాలం ఆనడం లేదని, గడ్డిమోపులు లాగే ఇనుప కొక్కేన్ని సానబట్టి, దానికి పంది తొడ ఒకటి గుచ్చి, ఇనుప తీగతో ట్రాక్టరుకు కట్టి నీళ్లలో వేశాను. రాత్రి రెండు గంటలకు ట్రాక్టరు వెనక్కి నడవడం మొదలుపెట్టింది. ఇంజను ఆపే ఉంది. ఎక్కి, స్టార్టు చేసి, మొదటి గేరులో గంటన్నర లాగితే తెల్లారేసరికి ఆ చేప తల గట్టు మీదికి వచ్చింది. మొత్తం ఒడ్డుకు చేరాక చూస్తే సరస్సు ఒక అడుగు దిగిపోయింది. రేవులో పడవలన్నీ తాళ్లకు వేలాడుతున్నాయి. ఏడు గంటలకు టీవీఏ ఆఫీసు నుంచి ఫోను. మమ్మల్ని అడక్కుండా గేటు ఎవరు తెరిచారు అని."

కథ ముగిసింది. ఎవరూ నవ్వలేదు. పాస్టరు కాఫీ ఊదుకున్నాడు. పోస్టుమ్యాన్ గారు కాసేపు నీళ్ల వైపు చూసి, ఎంతో శ్రద్ధగా అడిగారు: "పంది తొడ ఉప్పు వేసిందా, వేయనిదా?"

ఆ ప్రశ్నలో ఉన్న గొప్పతనం నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది. మన పల్లెల్లో కథ చెప్పేవాడికి ఊఁ కొట్టేవాడు ఎంత అవసరమో, అక్కడ కోత కోసేవాడికి ఇటువంటి ప్రశ్న అడిగేవాడు అంత అవసరం. నవ్వితే కథ అక్కడితో చచ్చిపోతుంది. నమ్మనంటే మనిషిని అవమానించినట్టవుతుంది. ఊరికే నమ్మానంటే అది ఇంకా పెద్ద అవమానం. ఏ ఎర, ఎంత లోతు, గాలి ఎటునుంచి అని మాత్రమే అడగాలి. అడిగినవాడికి జవాబు తడుముకోకుండా రావాలి. ఆ రోజు మెకానిక్కు వెంటనే, "వేయనిది. ఉప్పు వేసింది ఏప్రిల్లోనే పనిచేస్తుంది" అన్నాడు. కథ కట్టే పద్ధతి కూడా నాకు క్రమంగా తెలిసివచ్చింది. తేదీ, వారం, గాలి, ట్రక్కు రంగు, బ్యాటరీ, ఇవన్నీ నిజాలు. ఆ నిజాల వరసలో వినేవాడి మనసు స్థిమితపడ్డాక, అదే గొంతుతో, కనుబొమ్మ కూడా కదపకుండా, అబద్ధాన్ని పక్కన పెడతారు. గొంతు పెంచితే చెడిపోతుంది. మా ఊరి రచ్చబండ దగ్గర సొరకాయలు కోసేవాళ్లు చేతులు తిప్పుతూ, కళ్లు పెద్దవి చేసి చెప్పేవారు. వాళ్లదీ విద్యే కానీ, నిశ్చలంగా కూర్చుని కోసే ఈ విద్య నాకు మరింత కష్టమైనదిగా తోచింది.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఏ ఆనకట్ట దగ్గరికి వెళ్లినా ఒక కథ మాత్రం తప్పకుండా వినబడుతుంది. ఆనకట్ట గోడను పరిశీలించడానికి గజ ఈతగాళ్లు అడుగుకు దిగారట. ఫోక్స్‌వ్యాగన్ కారంత క్యాట్‌ఫిష్‌లు అక్కడ తిరుగుతుంటే చూసి, పైకి వచ్చి, ఎంత జీతమిచ్చినా మళ్లీ దిగేది లేదన్నారట. గంటర్స్‌విల్‌లోనూ ఇది ఉంది. చెప్పేవాడి బావమరిదికి తెలిసిన మనిషే ఆ ఈతగాడు. ఇంకో కథ, నేల మీద నడవడం నేర్చిన చేపది. యజమానురాలు దాన్ని వాళ్ల పెదనాన్న పెంచిన చేపగా చెప్పేది. రోజుకు కొంతసేపు చొప్పున నీళ్ల బయట ఉంచి అలవాటు చేస్తే, చివరికి ఆయన వెంట కుక్కలా ఊరంతా తిరిగేదట. ఒకనాడు వంతెన దాటుతూ పలకల సందులోంచి ఏట్లో పడి, ఈత రాక మునిగి చచ్చిపోయిందట. అందరికీ తెలిసిన పాత కథే. అయినా ఆమె చెప్పినప్పుడు చివర ఒక్క క్షణం ఆగి, అప్పుడు నేను చాలా చిన్నదాన్ని, నన్ను చూడనివ్వలేదు అనేది. ఆ చివరి మాట ఆమె సొంతం. అది విన్న ప్రతిసారీ నాకు కళ్లు చెమర్చేవి, నవ్వుతోనో మరి దేనితోనో.

పాస్టరు వీటన్నింటినీ శ్రద్ధగా వినేవాడు. ఒకసారి కోచ్, ఇదంతా వింటే పాపం కాదా అని అడిగాడు. పొరుగువాడికి విరోధంగా అబద్ధ సాక్ష్యం చెప్పకూడదన్నదే ఆజ్ఞ, చేపను పొరుగువాడని గ్రంథంలో ఎక్కడా అనలేదు అని పాస్టరు జవాబు.

అయితే తూకం విషయంలో వాళ్లకు నిజం పట్టలేదనుకోవడం పొరపాటు. ప్రపంచ రికార్డు పెద్దనోటి చేప కథను ఆ బల్ల మీద నేను కనీసం పదిసార్లు విన్నాను. దానిలో ఒక్క అంకె కూడా మారలేదు. 1932 జూన్ 2న, జార్జియా రాష్ట్రంలో ఓక్‌మల్గీ నది పక్కన మాంట్‌గోమరీ అనే పాత మడుగులో, జార్జ్ పెర్రీ అనే పేద రైతు యువకుడు 22 పౌండ్ల 4 ఔన్సుల చేపను పట్టాడు. అంటే పది కిలోలకు పైనే. దగ్గరి పల్లె అయిన హెలీనాలో తూకం వేయించి, ఇంటికి తీసుకెళ్లి వండుకు తిన్నారు. కరువు రోజులు. ఒక పత్రిక పోటీలో ఆ తూకానికి 75 డాలర్ల విలువైన సామాను బహుమతిగా వచ్చింది. అందులో తుపాకి కూడా ఉంది. ఈ మాట దగ్గరికి వచ్చేసరికి మెకానిక్కు ప్రతిసారీ, చేపను ఇచ్చి తుపాకిని పొందినవాడు ధన్యుడు అనేవాడు. 2009 జూలైలో జపాన్‌లోని బీవా సరస్సులో మనాబు కురిటా అనే ఆయన అంతకంటే ఒక్క ఔన్సు లోపే ఎక్కువ తూగే చేపను పట్టాడు. పాత రికార్డును కొట్టాలంటే రెండు ఔన్సుల తేడా ఉండాలన్న నిబంధన వల్ల ఇద్దరినీ సమానులుగా ప్రకటించారు. కురిటాకు అబద్ధాన్ని పట్టే యంత్రంతో పరీక్ష కూడా చేశారు. ఆయన అందులో నెగ్గాడు. డబ్బు బహుమతులున్న పోటీల్లో గెలిచినవారికి అటువంటి పరీక్ష చేయడం అమెరికాలో మామూలే. ఈ వార్త చర్చకు వచ్చినప్పుడు యజమానురాలు కొట్టు లోపలికి చూపించి, ఆ యంత్రం ఇక్కడ పెడితే నేను కొట్టు మూసుకోవాలి అంది.

2011 జూన్‌లో వర్జీనియా నుంచి మరో వార్త వచ్చింది. కెర్ సరస్సులో 143 పౌండ్ల నీలి క్యాట్‌ఫిష్ పడింది. అరవై అయిదు కిలోల చేప, ఫొటోతో సహా. నిజం కోతకు అంత దగ్గరగా రావడంతో బల్ల మీద వారికి ఊపిరాడలేదు. ఆ వేసవి నుంచి వాళ్ల కథల్లో రెండు వందల పౌండ్లకు తక్కువ చేప కనబడలేదు.

ఇక తుపాకుల మాట. చేపల కబుర్లు బల్ల మీద సాగితే, తుపాకుల కబుర్లు ట్రక్కు వెనుక తలుపు దించి, దాని మీద పాత కంబళి పరిచి సాగేవి. రెండు చోట్లా అవే నోళ్లు, అవే కాఫీ గ్లాసులు. అయినా అక్కడికి నడిచిన పదడుగుల్లో ఆ మనుషులే మారిపోయేవారు. జింకల సీజను దగ్గర పడే అక్టోబరులో ఒకనాడు పోస్టుమ్యాన్ గారి తుపాకిని చూడాలని ఆశపడి చెయ్యి చాచాను. ఆయన ఇవ్వలేదు. అబ్బాయీ, నువ్వు ఏ కాగితం మీద ఈ దేశంలో ఉన్నావు అని అడిగారు. ఉద్యోగ వీసా అన్నాను. వీసా మీద ఉన్నవారు వేట లైసెన్సు లేకుండా తుపాకి పట్టుకోవడం చట్టం ఒప్పదని, ముందు అది తెచ్చుకోమని చెప్పారు. 1977 ఆగస్టు 1నాడు గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారు లైసెన్సుకు ముందు వేట శిక్షణ పాఠాలు పూర్తి చేయాలి. నేను 1978లో పుట్టినవాణ్ణి. పాఠాలు విన్నాను, పరీక్ష రాశాను. లైసెన్సు జేబులో పెట్టుకుని వచ్చేసరికి నెల గడిచింది. ఆ నెలంతా ఆయన నన్ను చేపల కబుర్లకు ఎప్పటిలాగే రానిచ్చారు కానీ, ట్రక్కు దగ్గరికి మాత్రం రానివ్వలేదు.

లైసెన్సు చూపించిన రోజు ఆయన ఆ తుపాకిని నా చేతికి ఇచ్చిన తీరు ఇప్పటికీ నా కళ్ల ముందుంది. అది వాళ్ల నాన్నది, వించెస్టర్ 94, 1964కు ముందు తయారైనది. గొట్టం సరస్సు వైపు, నేలకు దించి పట్టుకున్నారు. చూపుడువేలు ట్రిగ్గరుకు దూరంగా, చెక్క పొడవునా చాచి ఉంది. కింది లీవరును పూర్తిగా ముందుకు దించారు. పైభాగం తెరుచుకుంది. లోపలికి చూశారు. చూసినది చాలదన్నట్టు చిటికెన వేలును తూటా ఉండే గదిలోకి పోనిచ్చి, చుట్టూ తడిమి, ఖాళీ అన్నారు. అప్పుడు, తెరిచి ఉండగానే, నాకు ఇచ్చారు. నేను అందుకుని మురిసిపోతూ నిలబడ్డాను. ఆయన కదలలేదు. ఏం చూస్తున్నావు అని అడగలేదు. నా చిటికెన వేలు వైపు చూస్తూ నిలబడ్డారు. నాకు తట్టింది. నేనూ వేలు పోనిచ్చి తడిమాను. చల్లని ఇనుము, కొంచెం నూనె తడి. ఖాళీ అన్నాను. అప్పుడు తల ఊపారు. రెండు క్షణాల ముందు ఆయన నా కళ్ల ముందే చూసిన తుపాకి అది. అయినా సరే, చేతులు మారిన ప్రతిసారీ ఆ వేలు వెళ్లాలి.

అంకెల మీద వాళ్లకున్న పట్టు అప్పుడే నాకు తెలిసింది. మన దగ్గర పన్నెండు బోరు అనే తుపాకిని వాళ్లు పన్నెండు గేజ్ అంటారు. ఒక పౌండు సీసం లోహాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కొక్క గుండు ఎంత లావుంటుందో, గొట్టం లోపలి వెడల్పు అంత. అందుకే పదహారు గేజ్ గొట్టం పన్నెండుకంటే సన్నం. నాలుగు వందల పది అనే తుపాకి పేరులోది మాత్రం గేజ్ కాదు, అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. థర్టీ-థర్టీ అనే తూటా పేరుకు అర్థం, గొట్టం వెడల్పు అంగుళంలో నూటికి ముప్ఫై వంతులు, తొలి రోజుల తూటాలో మందు ముప్ఫై గ్రెయిన్లు. మెకానిక్కు దగ్గర వెనుక వైపు ఎత్తుగా లేచిన పాత బ్రౌనింగ్ ఆటో-5 ఉండేది. దాన్ని హంప్‌బ్యాక్ అంటారు. మా వైపు ఒంగోలు గిత్తకు ఇటువంటి మూపురం ఉంటుంది అంటే, ఆయనకు ఆ మాట ఎంతో నచ్చి, ఆ తుపాకిని అప్పటినుంచి గిత్త అనే పిలిచాడు. జింకకు టూ-సెవెంటీ తూటా మంచిదా, థర్టీ-ఆట్-సిక్స్ మంచిదా అన్న వాదన కోచ్‌కూ పాస్టరుకూ మధ్య నేనున్న ఎనిమిదేళ్లూ నడిచింది. బంగినపల్లి గొప్పదా, చెరకు రసం గొప్పదా అని మా ఇంట్లో జరిగే వాదన ఎంత తెగేదో అదీ అంతే. ఇంత వాదనలోనూ ఎవరూ తాము కొట్టిన దూరాన్ని పది గజాలు కూడా పెంచి చెప్పలేదు. ఎనభై గజాలంటే ఎనభై గజాలే. ఎందుకు, చేప దగ్గర లేని నియమం ఇక్కడ ఎందుకు అని ఒకనాడు అడిగాను. జవాబుగా పోస్టుమ్యాన్ గారు వంటిల్లు కథ చెప్పారు.

1948 శీతాకాలం. ఆయనకు తొమ్మిదేళ్లు. అన్నగారు కుందేళ్ల వేట నుంచి వచ్చి పదహారు గేజ్ తుపాకిని వంటింటి గోడకు ఆనించాడు. ఖాళీ చేశానన్నాడు. తమ్ముడైన ఈయన దాన్ని ఎత్తారు. అమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంది. పేలింది. నేల పలకకు రంధ్రం పడింది. సాయంత్రం నాన్న వచ్చి, ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. వడ్రంగి టేపు తెచ్చి, అమ్మను పొయ్యి దగ్గర అదే చోట నిలబడమని, ఆమె కాలి వేలికీ రంధ్రం అంచుకూ మధ్య కొలిచాడు. ఏడు అంగుళాలు. ఆ పలకను మార్చనివ్వలేదు. దాని మీద చాప వేయనివ్వలేదు. ఆ ఇల్లు అమ్మేసేదాకా, చలికాలంలో ఆ రంధ్రంలోంచి గాలి కొట్టేది.

ఆ కథను నేను మూడుసార్లు విన్నాను. మొదటిది 2005లో, చివరిది 2012లో నేను వచ్చేసే ముందు, ఆయన మనవడికి చెబుతుండగా. అన్నిసార్లూ ఏడు అంగుళాలే. ఈలోగా ఆయన 1971లో పట్టిన క్యాట్‌ఫిష్ నలభై పౌండ్ల నుంచి డెబ్భై పౌండ్లకు పెరిగింది.

2011 ఏప్రిల్ 27న సుడిగాలులు అలబామాను చీల్చుకుంటూ పోయాయి. రాష్ట్రంలో రెండు వందల మందికి పైగా పోయారు. కరెంటు తీగలు తెగి హంట్స్‌విల్ ప్రాంతమంతా రోజుల తరబడి చీకట్లో ఉంది. మూడో రోజు మెకానిక్కూ, కోచ్ రంపాలతో మా వీధికి వచ్చి, అడ్డంగా పడిన ఓక్ చెట్లను కోసి దారి తీశారు. ఫ్రీజర్లలోని చేపలు పాడవుతాయని కొట్టు ముందు గ్యాసు పొయ్యిలు పెట్టి, మొక్కజొన్న పిండిలో దొర్లించి వేయించి, మన పునుగుల్లాంటి హష్ పప్పీలతో కలిపి దారిన పోయే వారందరికీ పెట్టారు. నా భార్య ఆ చేపలతోనే చింతపండు పులుసు పెద్ద గిన్నెడు చేసి తీసుకొచ్చింది. పాస్టరు రెండుసార్లు వడ్డించుకున్నాడు. ఆ వారమంతా బల్ల మీద ఎవరూ ఒక్క కోత కూడా కోయలేదు. ఎవరి ఇంటి పైకప్పు పోయింది, ఎవరి జాడ తెలిసింది, ఇవే మాటలు. పదో రోజున కరెంటు వచ్చాక మెకానిక్కు గొంతు సవరించుకుని, ఇండియా వంటకం తిన్న నాడు నేను సరస్సులో చేతులు కడిగితే తెల్లారేసరికి వంద గజాల మేర చేపలు ఉడికి తేలాయి అన్నాడు. యజమానురాలు గుమ్మంలోంచి, ఏ చెయ్యి, కుడిదా ఎడమదా అని అడిగింది. నాకు గొంతు పూడుకుపోయింది. ఊరు తిరిగి మామూలైందని నాకు తెలిసింది ఆ ప్రశ్నతోనే.

పోస్టుమ్యాన్ గారు 2015లో పోయారు. మరుసటి వసంతంలో ఆఫీసు పని మీద హంట్స్‌విల్ వెళ్లినప్పుడు ఆయన కొడుకు నన్ను ఇంటికి పిలిచి, వంటింటి బల్ల మీద ఒక అట్టపెట్టె తెరిచాడు. అందులో జేబులో పట్టే చిన్న పుస్తకాలు, ఏడాదికొకటి చొప్పున. తేదీ, నీటి మట్టం, ఎర, చేప రకం, తూకం, ఔన్సులతో సహా, ఉత్తరాల మీద చిరునామా రాసే నిలకడైన అక్షరాల్లో. 1971 పుస్తకంలో ఆ క్యాట్‌ఫిష్ ఉంది. పదకొండు పౌండ్ల ఆరు ఔన్సులు. ప్రతి ఏడాదీ నవంబరులో, జింకల సీజను మొదలయ్యే పేజీ పైన మాత్రం, వేరే ఏమీ లేకుండా ఒకటే మాట: ఏడు అంగుళాలు. 2006 మే నెలలో నా పేరు కనబడింది. ఎర వానపాము, పెద్దనోటి చేప, రెండు పౌండ్ల పద్నాలుగు ఔన్సులు. దాని పక్కన, ఆ పుస్తకాల్లో ఇంకెక్కడా లేని విధంగా, చాలా సంతోషించాడు అని రాసి ఉంది. ఆ పేజీని వేలితో తడుముతూ నేను చాలాసేపు కూర్చున్నాను. ఆయన కొడుకు కాఫీ మళ్లీ పోశాడు.

మర్నాడు శనివారం. ఐదున్నరకు బల్ల దగ్గరికి వెళ్లాను. మెకానిక్కుకు జుట్టు పూర్తిగా నెరిసింది. ఆయన పక్కన నాకు తెలియని కుర్రాడొకడు కొత్త రీలుకు దారం చుట్టుకుంటున్నాడు. మెకానిక్కు నన్ను చూపించి, పెర్రీ తర్వాత అంతటి చేపను పట్టినవాడు ఈయనే, ఇరవై పౌండ్లు, 2006లో, తూర్పు గాలి, నేను కళ్లారా చూశాను అన్నాడు. కుర్రాడు రీలు వదిలేసి నా వైపు తిరిగాడు. అందరూ ఎదురుచూస్తున్నారు. పోస్టుమ్యాన్ గారు కూర్చునే చోటు ఖాళీగా ఉంది. యజమానురాలు తొట్టెల దగ్గరి నుంచి వచ్చి గుమ్మానికి ఆనుకుని, "ఏ ఎరకు పడింది?" అని అడిగింది.

"పంది తొడకు," అన్నాను.

ఆమె ఒక్క క్షణం నీళ్ల వైపు చూసింది. "ఉప్పు వేసిందా, వేయనిదా?"